ఆగవలసిన దెబ్బ: ప్రాచీన గ్రీకు, రోమన్ సాహిత్యంలో ముష్టియుద్ధం

వ్యాససంగ్రహం

ముష్టియుద్ధపు తొలి చరిత్రను సాధారణంగా విజేతల పేర్లు, ఒలింపియాడ్ సంవత్సరాలు, చేతికి చుట్టుకునే తోలుపట్టీల్లో వచ్చిన మార్పులు అనే మూడు అంశాల ఆధారంగా రాస్తారు. ఈ పద్ధతిలో కావ్యాలు కేవలం సమాచార వనరులుగా మిగిలిపోతాయి. గ్రీకు పోటీలో కాలపరిమితి లేదు, బరువును బట్టి విభజన లేదు. దెబ్బ ఎక్కడ ఆగాలన్నది చాలావరకు నిబంధన చెప్పని విషయం. హోమర్ నుంచి వర్జిల్ వరకు కవులు ముష్టియుద్ధాన్ని వర్ణించిన ప్రతిసారీ ఆ ఖాళీలోనే తమ కథను నడిపారని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పిండర్ స్తుతిగీతం, పాసేనియస్ యాత్రావృత్తాంతం, లుకిల్లియస్ హాస్య పద్యాలు, రోమ్‌లో దొరికిన కంచు విగ్రహం ఈ పరిశీలనకు తోడ్పడిన ఇతర ఆధారాలు.

కీలకపదాలు: ముష్టియుద్ధం, హోమర్, పిండర్, థియోక్రిటస్, వర్జిల్, అంత్యక్రీడలు, గాయం, ఓటమి.

ఉపోద్ఘాతం

గ్రీకు సంప్రదాయం ప్రకారం ముష్టియుద్ధం క్రీ.పూ. 688లో, 23వ ఒలింపియాడ్‌లో, ఒలింపిక్ క్రీడల్లో చేరింది. ఆ ఏడాది గెలిచినవాడు స్మిర్నా నగరానికి చెందిన ఒనొమాస్టస్. ఈ క్రీడకు నియమాలు ఏర్పరచినవాడు కూడా అతడేనని ప్రాచీనులు చెప్పుకున్నారు. క్రీ.పూ. 616లో బాలుర పోటీ మొదలైంది. ఈ రెండు తేదీలతో చరిత్ర మొదలైనట్లు అనిపిస్తుంది కాని, ఇవి ఒక క్రీడ అధికారిక పట్టికలోకి ఎక్కిన తేదీలు మాత్రమే. పట్టికలో విజేత పేరు, అతడి ఊరు ఉంటాయి. ఎదుట నిలిచి ఓడినవాడి పేరు ఉండదు.

పోటీ తీరును గుర్తుచేసుకుంటే ఈ లోపం ఎంత పెద్దదో తెలుస్తుంది. గ్రీకు ముష్టియుద్ధంలో విరామాలతో కూడిన విడతలు లేవు. మార్కుల లెక్క లేదు. బక్కవాడు, బలిసినవాడు అనే తేడా లేకుండా చీటీల ద్వారా జోడీలు కట్టేవారు. ఇద్దరిలో ఒకడు ఇక లేవలేని స్థితికి రావాలి, లేదా వేలు పైకెత్తి ఓటమిని ఒప్పుకోవాలి. ఇలా వేలెత్తే దృశ్యాలు గ్రీకు కుండల మీది చిత్రాల్లో కనిపిస్తాయి. బెత్తం పట్టుకున్న న్యాయనిర్ణేత పక్కనే ఉండేవాడు. అయితే అతడి పని నియమం తప్పినవాడిని కొట్టడం; బలహీనుడిని కాపాడటం కాదు. పోటీ ముగింపు ఓడిపోతున్నవాడి చేతిలోనో, గెలుస్తున్నవాడి మనసులోనో ఉంది. కవులు పట్టుకున్నది ఈ సందునే.

1. మాటకు ముందున్న బొమ్మ

పిడికిళ్ళతో పోరాడటం గ్రీకులు కనిపెట్టిన విద్య కాదు. పాత బాబిలోనియా కాలపు మట్టి ఫలకాల మీద ఇద్దరు పురుషులు పిడికిళ్ళెత్తి ఎదురెదురుగా నిలబడిన బొమ్మలు ఉన్నాయి. ఈజిప్టులో మూడవ అమెన్‌హొటెప్ కాలానికి చెందిన ఖెరుయెఫ్ సమాధి గోడల మీద, రాజోత్సవ దృశ్యాల్లో భాగంగా, పిడికిళ్ళతో పోరాడే జంటలు చెక్కి ఉన్నాయి. అది క్రీ.పూ. 14వ శతాబ్దం.

ఏజియన్ సముద్ర ప్రాంతంలో రెండు ఆధారాలు ముఖ్యమైనవి. థీరా ద్వీపంలోని అక్రోతిరి పట్టణం అగ్నిపర్వత విస్ఫోటనంలో బూడిద కింద పూడిపోయింది. స్పిరిడాన్ మరినాటోస్ 1967లో ప్రారంభించిన తవ్వకాల్లో అక్కడి ఒక ఇంటి గోడ మీద ఇద్దరు బాలుర చిత్రం బయటపడింది. నడుముకు పట్టీ, కుడి చేతికి తొడుగు, గొరిగిన తల మీద వదిలిన జులపాలు వారి అలంకరణ. ఒకడి ఒంటి మీద ఆభరణాలు కూడా ఉన్నాయి. ఇది పసితనపు ఆటా, వయసు మారే సందర్భంలో జరిపే సంస్కారమా అని చూపరికి సందేహం కలిగించేంత సౌమ్యంగా ఉంటుంది ఆ చిత్రం. క్రీట్ ద్వీపంలోని హగియా ట్రియాడాలో దొరికిన రాతి పాత్ర ఇందుకు భిన్నమైనది. దాని మీద నాలుగు వరుసల్లో చెక్కిన దృశ్యాల్లో ఒకటి ఎద్దు మీదుగా దూకే ఆట, మిగిలినవి పోరాటాలు. అందులో కొందరికి శిరస్త్రాణాలున్నాయి. కొందరు నేల మీద వెల్లకిలా పడి ఉన్నారు.

ఈ బొమ్మలు ఒక ముఖ్యమైన హెచ్చరిక చేస్తాయి. క్రీ.శ. 3వ శతాబ్దంలో వ్యాయామ విద్య గురించి రాసిన ఫిలోస్ట్రాటస్, ముష్టియుద్ధం స్పార్టన్లు కనిపెట్టిందని చెప్పాడు. వారు శిరస్త్రాణం ధరించేవారు కాదని, ముఖాన్ని కాచుకోవడం, దెబ్బను ఓర్చుకోవడం నేర్చుకోవడానికి ఈ విద్యను సాధన చేశారని ఆయన వివరణ. ఏజియన్ చిత్రాలు అంతకు వెయ్యేళ్ళకు పైగా పాతవి. కాబట్టి ఫిలోస్ట్రాటస్ మాటను చారిత్రక సమాచారంగా తీసుకోలేం. అయితే ఆయనే చెప్పిన మరో సంగతి ఇక్కడ పనికివస్తుంది. స్పార్టన్లు తరువాతి కాలంలో ఈ పోటీకి దూరంగా ఉన్నారు. ఒక్కడు ఓటమిని ఒప్పుకుంటే ఆ అపకీర్తి నగరమంతటికీ చుట్టుకుంటుందన్నది కారణం. వేలెత్తడం తప్ప మరో ముగింపు లేని ఆటలో, వేలెత్తడాన్ని సహించలేని సమాజం పాల్గొనలేదు. మూలాల గురించి ఆయన చెప్పిన కథ నిలవకపోయినా, ఆ కథ వెనుక ఉన్న ఇబ్బంది మాత్రం నిజమైనది.

2. ఇలియడ్: ఓడినవాడి వెంట నడిచిన కవి

ముష్టియుద్ధాన్ని మాటల్లో వర్ణించిన మొదటి గ్రీకు రచన ఇలియడ్ 23వ సర్గ. పాత్రోక్లస్ చితి చల్లారిన తరువాత అకిలీస్ అంత్యక్రీడలు జరిపిస్తాడు. ముష్టియుద్ధానికి రెండు బహుమతులు పెడతాడు. గెలిచినవాడికి ఆరేళ్ళ కంచరగాడిద, అదీ ఇంకా లొంగదీయనిది. ఓడినవాడికి రెండు పిడుల పాత్ర. ఒలింపియాలో రెండవ స్థానానికి గుర్తింపు లేదు. ఇక్కడ ఓడినవాడి వాటా ఆటకు ముందే సభలో అందరి కళ్ళెదుటా ఉంది.

పనోపియస్ కొడుకు ఎపియస్ లేచి కంచరగాడిద మీద చెయ్యి వేస్తాడు. తాను యుద్ధంలో అంతగా రాణించనని, మనిషికి అన్ని విద్యల్లోనూ నేర్పు సాధ్యం కాదని ఒప్పుకుంటూనే, ఎదిరికి చర్మం చీల్చి ఎముకలు విరుస్తానంటాడు. మోసుకుపోవడానికి అతడి బంధువులు ఇక్కడే ఉంటే మంచిదని కూడా అంటాడు. ఈ బెదిరింపుకు సభ మౌనం వహిస్తుంది. యూర్యలస్ ఒక్కడే లేస్తాడు. అతడి తండ్రి మెకిస్టియస్ ఒకప్పుడు థీబ్స్‌లో ఈడిపస్ అంత్యక్రీడల్లో అందరినీ గెలిచినవాడు. డయామిడీస్ అతడికి నడుముపట్టీ కట్టి, చేతులకు ఎద్దుతోలు పట్టీలు అందిస్తాడు.

పోరాటం కొద్ది పాదాల్లో ముగుస్తుంది. దవడలు కరకరలాడతాయి, చెమట కారుతుంది. యూర్యలస్ సందు కోసం చూస్తున్న క్షణంలో ఎపియస్ చెంప మీద కొడతాడు. ఉత్తరపు గాలికి అల రేగినప్పుడు ఒడ్డున నాచులో ఎగిరిపడే చేపతో కవి అతడిని పోలుస్తాడు. చదువరి ఊహించనిది ఆ తరువాత జరుగుతుంది. ఎముకలు విరుస్తానన్న ఎపియస్ తన చేతులతోనే అతడిని పైకి లేపి నిలబెడతాడు. మిత్రులు యూర్యలస్‌ను నడిపించుకుపోతారు. అతడి కాళ్ళు ఈడ్చుకుపోతున్నాయి, నోటినుంచి చిక్కని రక్తం పడుతోంది, తల ఒక పక్కకు వాలిపోయింది. స్పృహ లేనివాడిని తమ మధ్య కూర్చోబెట్టి, పాత్రను తీసుకురావడానికి మిత్రులే వెళ్తారు.

విమర్శకుడు గమనించవలసినది దృశ్యం ఎవరి మీద ముగిసిందన్న విషయం. ఎపియస్ కంచరగాడిదను తోలుకుపోయే వర్ణన లేదు. కవి చూపు ఓడినవాడి వెంట సభ అంచు దాకా నడిచింది. ఎపియస్ చెప్పిన మాట ఒక విధంగా నిజమైంది, మోసుకుపోయేవారు అవసరమయ్యారు. కాని ఆ మోతలో మొదటి చెయ్యి అతడిదే. దెబ్బ కొట్టిన చేతులే లేవనెత్తడం ఈ క్రీడకు హోమర్ ఇచ్చిన ముగింపు. నియమం ఆపని చోట గెలిచినవాడు ఆగాడు.

ఎపియస్ పాత్రను హోమర్ సంస్కారవంతుడిగా తీర్చిదిద్దలేదు. అదే సర్గలో ఇనుప ముద్ద విసిరినప్పుడు అందరూ అతడిని చూసి నవ్వుతారు. ఒడిస్సీలో ట్రాయ్‌ను కూల్చిన కొయ్యగుర్రాన్ని కట్టినవాడిగా అతడే మళ్ళీ కనిపిస్తాడు. మోటుతనం, చేతిపనితనం, ఒక క్షణపు మానవత్వం ఒకే మనిషిలో ఉండటం వల్లనే ఆ లేవనెత్తడం నీతిపాఠంగా వినిపించదు.

3. ఒడిస్సీ: లెక్క వేసిన దెబ్బ

ఒడిస్సీ 18వ సర్గలోని ముష్టియుద్ధం రాజుల సభలో ఇద్దరు బిచ్చగాళ్ళ మధ్య జరుగుతుంది. ఒకడు ఐరస్ అనే తిండిపోతు. రెండవవాడు మారువేషంలో ఉన్న ఒడీసియస్. తెలుగులో ముష్టి అనే మాటకు పిడికిలి, భిక్ష అనే రెండర్థాలూ ఉన్నాయి. పిడికిలిని సూచించే గ్రీకు మాటకు ఈ రెండవ అర్థం లేదు. అయినా ఈ ఘట్టంలో ఆ రెండు అర్థాలూ కలిసే ఉన్నాయని తెలుగు చదువరికి వెంటనే స్ఫురిస్తుంది. పందెం కూడా తిండే. కొవ్వు, నెత్తురు కూరిన మేక పొట్ట. దానితోపాటు ఆ సభలో అడుక్కునే ఏకైక హక్కు.

ఒడీసియస్ పిక్కలు, భుజాలు చూసి ఐరస్ వణికిపోతాడు. వెనక్కు తగ్గితే ముక్కు చెవులు కోసే ఎకిటస్ రాజు దగ్గరికి పంపుతామని అతడిని బెదిరించి బలవంతంగా ముందుకు తోస్తారు. ఒడీసియస్ అప్పుడు రెండు మార్గాలు ఆలోచిస్తాడు: ప్రాణం పోయేలా కొట్టడమా, పడిపోయేలా మెల్లగా కొట్టడమా? రెండవదే ఎంచుకుంటాడు. అందుకు కారణం దయ కాదు. బలంగా కొడితే తానెవరో బయటపడుతుంది. మెల్లగా కొట్టిన ఆ దెబ్బకే చెవి కింద ఎముకలు విరిగి ఐరస్ నోట రక్తం వస్తుంది. ఒడీసియస్ అతడిని కాలు పట్టి ఈడ్చుకువెళ్ళి గోడకు చేరవేసి, పందులను, కుక్కలను తోలుకొమ్మని చేతికి కర్ర ఇస్తాడు. పెళ్ళికొడుకులు పగలబడి నవ్వుతారు.

ఇలియడ్ దృశ్యానికి ఇది తలకిందులైన రూపం. అక్కడ లేవనెత్తిన చేతులు, ఇక్కడ ఈడ్చిన చేతులు. అక్కడ మిత్రులు తెచ్చిన పాత్ర, ఇక్కడ కుక్కలను తోలే కర్ర. దెబ్బ ఆగడానికి ఇక్కడ కారణం వ్యూహం. ఈ సభలోనే తరువాత జరగబోయే సంహారానికి ఇది చిన్న నమూనా. నవ్వుతున్న ప్రేక్షకులే రేపటి మృతులు. ముష్టియుద్ధం చూసి నవ్వేవారి మీద ప్రాచీన సాహిత్యం చేసిన అత్యంత కఠినమైన వ్యాఖ్య ఇదే కావచ్చు.

4. పిండర్: స్తుతిగీతంలో దాగిన దెబ్బలు

క్రీ.పూ. 464లో రోడ్స్ ద్వీపవాసి డయాగొరస్ ఒలింపిక్ ముష్టియుద్ధంలో గెలిచినప్పుడు పిండర్ ఏడవ ఒలింపిక్ స్తుతిగీతం రచించాడు. దాన్ని లిండస్‌లోని ఎథీనా ఆలయంలో బంగారు అక్షరాలతో రాయించారని ప్రాచీన వ్యాఖ్యానం చెబుతుంది. డయాగొరస్ కొడుకులు, మనవలు కూడా ఒలింపిక్ విజేతలయ్యారు. ఇంతటి ముష్టియోధుడి మీద రాసిన గీతంలో పోటీ వర్ణన లేదు. రక్తం లేదు, గాయం లేదు, ఎదుటివాడు లేడు. గీతం రోడ్స్ ద్వీప పురాణాల్లోకి వెళ్ళిపోతుంది.

అక్కడితో ఆగిపోతే, విజయస్తుతి గాయాన్ని దాచిందని చెప్పి ముగించవచ్చు. కాని పిండర్ ఎంచుకున్న పురాణాలను చూడాలి. మొదటి కథ ట్లెపోలెమస్‌ది. కోపంలో లికిమ్నియస్‌ను ఒలీవ కర్రతో కొట్టి చంపినందుకే అతడు దేశం విడిచి రోడ్స్‌కు వచ్చి స్థిరపడ్డాడు. తెలివైనవాడిని కూడా మనసులోని కల్లోలం దారి తప్పిస్తుందన్న సూక్తి అక్కడే వస్తుంది. రెండవ కథలో హెఫెస్టస్ గొడ్డలి దెబ్బకు జ్యూస్ తలనుంచి ఎథీనా జన్మిస్తుంది. ఒక దెబ్బ ప్రాణం తీసింది, మరో దెబ్బ దేవతను పుట్టించింది. పోటీలోని దెబ్బలను చెప్పని కవి పురాణంలో రెండు దెబ్బలు చెప్పాడు. గీతం చివర డయాగొరస్ అహంకారాన్ని ద్వేషించే దారిలో నేరుగా నడిచేవాడని జ్యూస్‌కు నివేదిస్తాడు.

ఈ మూడింటినీ కలిపి చదివితే గీతం అంతర్నిర్మాణం తెలుస్తుంది. చేతిలో బలం ఉన్నవాడికి కోపం వస్తే ఏమవుతుందో మొదటి కథ చెప్పింది. కోపం రానివాడు డయాగొరస్ అని ముగింపు చెప్పింది. దెబ్బ ఆగవలసిన చోటును పిండర్ విజేత స్వభావంలో ఉంచాడు. ఇది స్తుతి మాత్రమే కాదు, బలవంతుడైన పౌరుడి నుంచి నగరం కోరుకునే హామీ కూడా.

5. అమికస్ కథ: రెండు ముగింపులు

క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఒకే కథను ఇద్దరు కవులు రాశారు. బెబ్రిసియన్ల రాజు అమికస్ తన తీరానికి వచ్చిన ప్రతి పరదేశితోనూ ముష్టియుద్ధానికి దిగుతాడు. అతడిని జ్యూస్ కొడుకు పాలిడ్యూసీస్ ఓడిస్తాడు. అపోలోనియస్ రచించిన ఆర్గోనాటికా రెండవ సర్గలో పాలిడ్యూసీస్ చెవి పైన కొట్టిన దెబ్బకు ఎముకలు పగిలి అమికస్ చనిపోతాడు. వెంటనే అతడి ప్రజలు దుడ్డుకర్రలతో, ఈటెలతో మీద పడతారు. పోటీ యుద్ధంగా మారుతుంది.

థియోక్రిటస్ 22వ కవితలో అదే అమికస్ చావడు. ఇద్దరూ ముందుగా మాటలతో పందెం కుదుర్చుకుంటారు. ఓడినవాడు గెలిచినవాడి సొత్తు. పాలిడ్యూసీస్ ఎండ ఎదుటివాడి ముఖాన పడేలా చోటు మార్చుకుంటాడు. ముఖం వాచి కళ్ళు మూసుకుపోతున్న రాజు చివరకు రెండు చేతులూ పైకెత్తుతాడు. గెలిచినవాడు ఎటువంటి దౌష్ట్యానికీ పాల్పడలేదని కవి స్పష్టంగా చెబుతాడు. పరదేశులను ఇకపై బాధించనని తన తండ్రి పొసైడన్ మీద ప్రమాణం చేయించుకుని వదిలేస్తాడు.

గాయాల వర్ణనలో థియోక్రిటస్ అపోలోనియస్‌కు తీసిపోడు. కొన్ని చోట్ల మరింత నిర్దాక్షిణ్యంగా ఉంటాడు. తేడా అంతా ముగింపులోనే ఉంది. ఒకరి కథలో దెబ్బ ఆగలేదు కాబట్టి హింస జనానికి పాకింది. మరొకరి కథలో ఎత్తిన చేతులను గెలిచినవాడు గౌరవించాడు కాబట్టి తీరానికి కొత్త ధర్మం వచ్చింది. ఈ కథను నాగరికత అనాగరికతను జయించిన కథగా చదవడం పరిపాటి. రెండు పాఠాలను పక్కపక్కన పెడితే ఆ వ్యాఖ్య సరిపోదని తెలుస్తుంది. నాగరికుడెవరో నిర్ణయించేది గెలుపు కాదు, గెలుపు తరువాతి క్షణం.

6. ఒప్పందం, తీర్పు

క్రీ.శ. 2వ శతాబ్దపు యాత్రికుడు పాసేనియస్ నమోదు చేసిన రెండు ఉదంతాలు, కావ్యంలోని ఈ సమస్యే మైదానంలోనూ ఉండేదని చూపుతాయి. నెమియా క్రీడల్లో ఎపిడామ్నస్‌కు చెందిన క్రూగస్, సిరాక్యూస్‌కు చెందిన డమోక్సెనస్ సాయంత్రం దాకా పోరాడినా ఫలితం తేలలేదు. ఒకరి దెబ్బను మరొకరు కాచుకోకుండా స్వీకరించాలని సాక్షుల ఎదుట ఒప్పందం చేసుకున్నారు. క్రూగస్ తలమీద కొట్టాడు. డమోక్సెనస్ అతడిని చెయ్యి ఎత్తమని చెప్పి, వేళ్ళు నిటారుగా చాచి పక్కటెముకల కింద పొడిచి పేగులు లాగేశాడు. క్రూగస్ అక్కడే మరణించాడు. ఆర్గస్ ప్రజలు డమోక్సెనస్‌ను వెళ్ళగొట్టి, చనిపోయినవాడికే విజయం ప్రకటించి విగ్రహం పెట్టారు.

తీర్పుకు చెప్పిన కారణం ఆలోచింపజేస్తుంది. అతడు ఒప్పందం ప్రకారం ఒక్క దెబ్బ కొట్టవలసి ఉండగా పలు దెబ్బలు కొట్టాడట. వేళ్ళను విడివిడిగా లెక్కించారన్నమాట. చంపడం నేరమని చెప్పడానికి క్రీడాధర్మంలో సరైన మాట లేనప్పుడు, న్యాయం దెబ్బల సంఖ్యను ఆశ్రయించింది.

రెండవ ఉదంతం ఆస్టిపలయా ద్వీపవాసి క్లియోమిడీస్‌ది. క్రీ.పూ. 5వ శతాబ్దపు తొలినాళ్ళలో ఒలింపియాలో అతడి చేతిలో ఎపిడారస్‌కు చెందిన ఇకస్ మరణించాడు. న్యాయనిర్ణేతలు నియమోల్లంఘన జరిగిందని విజయాన్ని తీసేశారు. దుఃఖంతో మతి చలించిన క్లియోమిడీస్ స్వగ్రామంలో సుమారు అరవై మంది పిల్లలున్న పాఠశాల స్తంభాన్ని పడగొట్టాడు. కప్పు వారి మీద కూలింది. ఊరివాళ్ళు రాళ్ళతో తరమగా ఎథీనా ఆలయంలోని పెట్టెలో దాక్కున్నాడు. పెట్టె బద్దలు కొట్టి చూస్తే ఖాళీగా ఉంది. డెల్ఫీ దేవవాణి అతడిని చివరి వీరుడిగా పూజించమంది. ఒక్క దెబ్బ ఆగకపోవడం పసిపిల్లల మీద కూలిన కప్పుగా మారిన ఈ కథను నగరం పూజతో ముగించింది. పూజ ఇక్కడ మెప్పు కాదు; అదుపు తప్పిన బలాన్ని శాంతింపజేసే ప్రయత్నంగా దాన్ని చూడాలి.

7. ఈనియడ్: పాలకుడు ఆపిన పోటీ

గ్రీకు తోలుపట్టీలు మొదట మెత్తనివి. క్రీ.పూ. 4వ శతాబ్దం నుంచి గట్టి అంచులున్న పట్టీలు వాడుకలోకి వచ్చాయి. రోమన్ల చేతితొడుగులో లోహం చేరింది. పరికరం కాలంతోపాటు సౌమ్యం కాలేదు, కఠినమైంది. వర్జిల్ ఈ లోహపు తొడుగును పురాణకాలంలోకి తీసుకువెళ్ళాడు.

ఈనియడ్ ఐదవ సర్గలో, సిసిలీలో, ఈనియస్ తన తండ్రి జ్ఞాపకార్థం క్రీడలు జరిపిస్తాడు. యువకుడైన డేరిస్ ఎదుట నిలవడానికి ఎవరూ ముందుకు రారు. అసెస్టిస్ ప్రోద్బలంతో వృద్ధుడు ఎంటెల్లస్ లేచి, తన గురువు ఎరిక్స్ వాడిన తొడుగులు సభలోకి విసురుతాడు. ఏడు ఎద్దుతోళ్ళ పొరల్లో సీసం, ఇనుము కుట్టి ఉన్నాయి. పాత నెత్తురు, మెదడు మరకలు ఇంకా ఉన్నాయి. సభ నివ్వెరపోతుంది. ఎంటెల్లసే వాటిని పక్కన పెట్టి సమానమైన తొడుగులు వాడదామంటాడు. ఈనియస్ ఇద్దరికీ సరిసమానమైనవి కడతాడు.

గురి తప్పిన ఎంటెల్లస్ కూకటివేళ్ళతో కూలిన దేవదారులా పడిపోతాడు. లేచిన తరువాత అవమానం కోపంగా మారి వడగళ్ళలా దెబ్బలు కురిపిస్తాడు. ఇలియడ్‌లో ఎపియస్ తానే ఆగాడు. ఇక్కడ గెలుస్తున్నవాడు ఆగడు. ఈనియస్ అడ్డుపడి పోటీ ముగిస్తాడు, డేరిస్‌ను ఓదారుస్తాడు. డేరిస్‌ను మిత్రులు తీసుకుపోయే వర్ణనలో కాళ్ళు ఈడ్చుకుపోవడం, తల ఊగడం, రక్తం ఉమ్మడం యూర్యలస్‌ను గుర్తుచేస్తాయి. వర్జిల్ ఆ రక్తంలో పళ్ళను కూడా చేర్చాడు. ఇక్కడా ఓడినవాడి బహుమతిని అందుకునేది మిత్రులే.

అనుకరణ ఇంత దగ్గరగా ఉన్నందువల్ల మార్పు మరింత స్పష్టమవుతుంది. ఆపే అధికారం విజేత నుంచి పాలకుడికి మారింది. ముష్టియోధుల పోటీలను ఆగస్టస్ ఎంతో ఇష్టంగా చూసేవాడని స్వీటోనియస్ రాశాడు. ఆ పాలకుడి కాలంలో వెలువడిన కావ్యంలో, కోపాన్ని సరైన చోట ఆపడం నాయకుడి లక్షణంగా కనిపించడం యాదృచ్ఛికం కాదు. అయితే వర్జిల్ దాన్ని నిశ్చింతగా వదిలిపెట్టలేదు. ఎంటెల్లస్ బహుమతిగా వచ్చిన ఎద్దు నుదుటిన పిడికిలితో కొట్టి చంపి, డేరిస్ చావుకు బదులుగా ఈ ప్రాణాన్ని ఎరిక్స్‌కు అర్పిస్తున్నానంటాడు. తొడుగులను, విద్యను అక్కడే వదిలేస్తాడు. ఆపిన దెబ్బ మాయమైపోలేదు, మరో ప్రాణి మీద పడింది. కావ్యం చివర శరణు కోరిన టర్నస్‌ను ఈనియస్ చంపుతాడు. ఐదవ సర్గలో మరొకరి చేతిని ఆపినవాడు పన్నెండవ సర్గలో తన చేతిని ఆపుకోలేకపోయాడు.

8. నవ్వు, ఆదర్శం, కంచు

ప్రాచీన సాహిత్యమంతా ఓడినవాడి పక్షాన నిలిచిందని తేల్చడం తొందరపాటు. క్రీ.శ. 1వ శతాబ్దపు లుకిల్లియస్ రాసిన హాస్య పద్యాలు గ్రీకు సంకలనం 11వ భాగంలో ఉన్నాయి. ముఖం రూపు మారిపోవడం వల్ల తన చిత్రపటంతోనే పోలిక కుదరక వారసత్వ ఆస్తి కోల్పోయిన ముష్టియోధుడు ఒక పద్యంలో కనిపిస్తాడు. ఇరవై ఏళ్ళకు ఇల్లు చేరిన ఒడీసియస్‌ను కుక్క గుర్తుపట్టింది కాని, నాలుగు గంటలు పోరాడిన యోధుడిని ఎవరూ గుర్తుపట్టరని మరో పద్యం. ఎవరినీ గాయపరచనివాడు కాబట్టి తోటి పోటీదారులే విగ్రహం పెట్టించారని ఇంకొకటి. ఇవి క్రూరమైన నవ్వులే. కాని విజయశాసనపు పరిభాషను ఎగతాళి చేయడం ద్వారా, ఆ శాసనం వదిలేసిన ముఖాన్ని ఇవి ముందుకు తెచ్చాయి.

దీనికి మరో కొసన డయో క్రిసోస్టమ్ స్తుతించిన మెలంకోమస్ ఉన్నాడు. అతడు ఎవరినీ కొట్టకుండా, తాను దెబ్బ తినకుండా, గంటల తరబడి చేతులెత్తి నిలబడి ఎదిరిని అలసిపోయేలా చేసి గెలిచేవాడట. దెబ్బ అసలు లేని ముష్టియుద్ధమన్నమాట. ఆ ఆదర్శాన్ని డయో వినిపించినది యౌవనంలోనే మరణించిన ఆ యోధుడి మీద చేసిన ప్రసంగాల్లో. గాయపడని దేహం అప్పటికే లేదు.

ఈ రెంటికీ నడుమ, 1885లో రోమ్‌లోని క్విరినల్ కొండ మీద దొరికిన కంచు విగ్రహం కూర్చుని ఉంది. చేతుల పట్టీలు విప్పని ముష్టియోధుడు అలసి కూర్చుని తల తిప్పి పైకి చూస్తున్నాడు. ముక్కు విరిగింది, చెవులు వాచి ముద్దకట్టాయి. గాయాల చోట, కారిన రక్తపు చుక్కల చోట శిల్పి రాగిని పొదిగాడు. గెలిచినవాడికి ఉండవలసిన కిరీటం లేదు, ఓడినవాడి గుర్తు కూడా లేదు. పోటీ ఆగిన తరువాత ఇద్దరి ముఖాలూ ఒకటేనన్న సంగతిని కావ్యాలు ఏవీ ఇంత సూటిగా చెప్పలేదు.

9. భారతీయ సందర్భం: పోలికకు హద్దు

గ్రీకు క్రీడను తెలుగులో ముష్టియుద్ధమని పిలవడం సౌకర్యమే కాని, అది మన పురాణాల మల్లయుద్ధంతో సమానమన్న భ్రమ కలిగించరాదు. చాణూర ముష్టికుల ఘట్టంలో పిడికిలి దెబ్బ మల్లయుద్ధంలో ఒక భాగం. ముష్టికుడి పేరులోనే పిడికిలి ఉన్నా, అతడు కుస్తీ రంగంలోనే బలరాముడి చేతిలో మరణించాడు. అక్కడ ఓడినవాడికి బహుమతి ఉండే క్రీడావ్యవస్థ లేదు. రాజు పన్నిన హత్యాయత్నం ఉంది.

ఒక్క విషయంలో మాత్రం పోలిక ఫలవంతమవుతుంది. భాగవత దశమస్కంధంలో, కొండల్లాంటి మల్లులకూ లేత బాలురకూ పోటీ పెట్టడం అధర్మమని, దాన్ని చూస్తూ కూర్చోవడం సభకు దోషమని రంగంలోని స్త్రీలు అంటారు. బరువు తేడాను పట్టించుకోని పోటీని ప్రశ్నించిన గొంతు ఇక్కడ ప్రేక్షకులది. ఐరస్ పడినప్పుడు నవ్విన సభకు ఇది పూర్తిగా వ్యతిరేక స్థానం.

ముగింపు

ముష్టియుద్ధపు తొలి చరిత్ర అనాగరిక హింస నుంచి నియమబద్ధ క్రీడ వైపు సాగిన సరళరేఖ కాదు. అక్రోతిరి బాలుర తొడుగు నుంచి రోమన్ల ఇనుప తొడుగు దాకా చూస్తే దారి తిరగబడినట్టే ఉంది. ఆ దారిలో కవులు అడిగిన ప్రశ్న మాత్రం మారలేదు. ఎపియస్ తన చేతులతో, ఒడీసియస్ తన లెక్కతో, డయాగొరస్ తన స్వభావంతో, పాలిడ్యూసీస్ ఒక ప్రమాణంతో, ఆర్గస్ ప్రజలు వేళ్ళ సంఖ్యతో, ఈనియస్ అధికారంతో దానికి జవాబిచ్చారు. ఏ జవాబూ తరువాతి కవికి చాలలేదు.

కాబట్టి ఈ కావ్యాలను తోలుపట్టీల సాక్ష్యం కోసం మాత్రమే చదవడం వాటిని సగం చదవడమే. విజేతల పట్టికలో ఒనొమాస్టస్ పేరు నిలిచింది, అతడి చేతిలో ఓడినవాడి పేరు పోయింది. యూర్యలస్ పేరు మాత్రం మిగిలింది. అతడు గెలవలేదు. అతడి కాళ్ళు ఈడ్చుకుపోవడాన్ని ఒక కవి చివరిదాకా చూశాడు.